నలుగురూ వినాలి

ఖలీల్ "హలో, మైక్ టెస్టింగ్" అన్నప్పుడల్లా బాక్సులోంచి 'బొయ్య్'మని మోత వస్తోంది తప్ప మాట రావడం లేదు.

నాకు ఒళ్ళు మండింది. "బ్రాడీపేట మొత్తం మీద ఇంతకంటే మంచి సెట్టు లేదా నీ దగ్గర?"

"సెట్టు బంగారం మేడం. మీ కరెంటులోనే ఉంది మాయరోగం" అన్నాడు ఖలీల్, మరో వైరు పీకుతూ.

మాది గుంటూరు పక్కన మిర్చి కోల్డ్ స్టోరేజీ. నేను ఆఫీసులో లెక్కలు చూస్తాను. సభలూ సన్మానాల పెత్తనం ఎవరూ ఇవ్వకుండానే నా నెత్తిన పడుతుంది. ఆ రోజు యలమంద పదవీ విరమణ. ముప్ఫై ఏళ్ళు మిషను రూములో కంప్రెసర్ల పక్కన నిలబడ్డ ఆపరేటరు ఆయన. ఆ మోతకి చెవులు ముప్పాతిక వంతు పోయాయి.

శాలువాలూ దండలూ ఎవరికైనా వేస్తారు. యలమందకి కావలసింది ఒక్క మాట. రెండేళ్ళ కిందట ఇక్కడ గదులు చల్లబరిచే అమ్మోనియా గ్యాసు లీకైంది. షెడ్డులో మిరపకాయల తొడిమలు తీస్తున్న ఆడవాళ్ళు పరుగులు పెట్టారు. ఆ తోపులాటలో సుబ్బరావమ్మ పడి తుంటి విరిగింది. ఇప్పటికీ కుంటుతుంది. యలమంద డ్యూటీలో నిద్రపోయాడని ఎవరో అన్నారు. మా యజమాని శ్రీకృష్ణగారు కాదనలేదు. అంతే, ఆయన 'నిద్ర యలమంద' అయిపోయాడు. ఆయన ఎదురుపడితే సుబ్బరావమ్మ మొహం తిప్పుకునేది. పోయిన నెల, అప్పట్లో తీసి మూల పడేసిన పాత వాల్వు విప్పితే లోపల నిలువునా పగులు కనబడింది. లీకుకి ముందు దాన్ని మార్పించడం ఏడాదిపాటు వాయిదా వేసింది శ్రీకృష్ణగారే.

"సభలో ఆ సంగతి మీ నోటితో చెప్పండి సార్" అని అడిగాను.

"చూద్దాంలే అమ్మా" అన్నారు. పెద్దవాళ్ళ 'చూద్దాం'కి అర్థం ఏమిటో ఎవరికి తెలియదు! అయినా నేను ఆశపడి, చెబుతారటండీ అని యలమంద చెవిలో వేశాను. ఆ రోజు ఆయన కొత్త చొక్కా వేసుకుని వచ్చి, "జ్యోతమ్మా, నాకు ఇనపడేట్టు పెట్టించు మైకు" అన్నాడు. అందుకే ఒక బాక్సును ఆయన కుర్చీ పక్కనే పెట్టించాను. తీరా చూస్తే అందులో మోత తప్ప మాట లేదు.

యజమాని కారు గేట్లోకి వచ్చింది. దిగుతూనే, "అద్దంకిలో పెళ్ళికి పోవాలమ్మా, తొందరగా కానివ్వండి" అన్నారు. 

ఖలీల్ చేతులెత్తేశాడు. "మీ కంప్రెసరు ఆగితే తప్ప ఇది పోదు మేడం. రెంటికీ ఒకటే లైను."

సీజను మొదలైంది. కొత్త టిక్కీలు, అంటే మిర్చి బస్తాలు, గదుల్లోకి ఎక్కుతున్నాయి. ఇలాంటప్పుడు కంప్రెసరు ఆపుతామంటే యలమంద ప్రాణం పోయినా ఒప్పుకోడు. ఆయనకి చెప్పకుండా మిషను రూములోకి పరుగెత్తాను. కొత్త ఆపరేటరు త్రినాథ్ బిక్కమొహం వేశాడు.

"యలమందన్న చంపుతాడండీ! సార్ అడిగితే ఏం చెప్పాల?"

"నా పేరు చెప్పు. కాసేపు ఆగితే కాయ కరిగిపోదులే. ఆపు!"

అన్నానే గానీ, ఉద్యోగం ఊడుతుందేమోనని లోపల భయమే.

నేను తిరిగి వచ్చేసరికి మిషను ఆగింది. ఆవరణంతా ఒక్కసారిగా ఖాళీ అయినట్టనిపించింది. శ్రీకృష్ణగారి మాట బాక్సులోంచి స్పష్టంగా వచ్చింది.

"యలమంద మన కుటుంబ సభ్యుడు. పని అన్నాక పొరపాట్లు జరుగుతుంటాయి. అయిపోయిందేదో అయిపోయింది..."

నా నెత్తురు మరిగింది. ఇందుకా ఇంత తంటాలు పడింది! పొరపాటు అంటే అక్కడ కూర్చున్న వాళ్ళందరికీ యలమంద పొరపాటే కదా. ముందు వరసలో సుబ్బరావమ్మ తల దించుకుని కూర్చుంది.

యలమంద అసలు ఆ మాటలే వినడం లేదు. కింద నేల వైపు చూస్తున్నాడు. చెప్పులు విడిచి పాదం నేలకి ఆనించాడు. ఆయన మొహంలో రంగు మారింది. చెవులు పోయినా, మిషను నడుస్తోందో లేదో ఆయనకి అరికాళ్ళు చెబుతాయి. గ్యాసు లీకైన రోజు కూడా ముందు మిషను ఆగింది, తర్వాతే ఘాటు వచ్చింది. ఆ సంగతి నాకు అప్పుడు గుర్తొచ్చింది. అప్పటికే ఆలస్యమైపోయింది.

మెడలో దండ లాగిపారేసి ఆయన కుర్చీలోంచి ఒక్క ఉదుటున లేచాడు.

"లెగండి! గేటు కాడికి పొండి అందరూ! ఒరేయ్, సుబ్బరావమ్మని పట్టుకోండ్రా, పరిగెత్తలేదు!"

అందరినీ గేటు వైపు తరిమి, తను మాత్రం ఒట్టి కాళ్ళతో మిషను రూము వైపు పరుగెత్తాడు. కుర్చీలు పడ్డాయి. ఆడవాళ్ళు కేకలు పెట్టారు. మళ్ళీ ఎవరైనా కింద పడితే ఆ పాపం నాదే. యజమాని చేతిలోంచి మైకు లాక్కున్నాను.

"ఏమీ కాలేదు! గ్యాసు లేదు! మిషను నేనే ఆపించాను. ఎక్కడివాళ్ళు అక్కడ ఆగండి!"

ఆగారు. శ్రీకృష్ణగారు నా వైపు కొరకొరా చూశారు. "ఎవర్నడిగి ఆపించావు?"

"మీరు చెప్పే మాట ఆయనకి వినపడాలని ఆపించాను సార్. అది ఏ మాటో మీకు తెలుసు."

మైకు నా చేతిలోనే ఉంది. అందరూ విన్నారు. శ్రీకృష్ణగారు యలమంద ఖాళీ కుర్చీ వైపు చూశారు, మిషను రూము వైపు చూశారు. తర్వాత మైకు కోసం చెయ్యి చాపారు.

"ఆ రోజు యలమంద నిద్రపోలేదు. వాల్వు పగిలింది. దాన్ని మార్పించాల్సింది నేను. మార్పించలేదు."

అంతలో మిషను మళ్ళీ అందుకుంది. బాక్సుల్లో మోత కమ్మేసింది.

నేను మిషను రూముకి వెళ్ళేసరికి యలమంద రొప్పుతూ త్రినాథ్‌ని కడిగేస్తున్నాడు. నన్ను చూసి ఆగాడు. ఆయన చెవి దగ్గర నోరు పెట్టి అరిచాను.

"చెప్పారండీ! మీ తప్పు కాదని చెప్పారు! మీరే వినలేదు!" నాకు ఏడుపు ఆగలేదు.

"నాకెందుకమ్మా ఆ మాట? నేను నిద్దరపోలేదని నాకు తెలవదా?" అన్నాడు. "సుబ్బరావమ్మ ఇన్నదా?"

నేను జవాబు చెప్పేలోపే ఆయన చూపు నన్ను దాటి వెళ్ళింది. సుబ్బరావమ్మ గుమ్మం పట్టుకుని నిలబడి ఉంది.

"యలమందన్నా, టిఫిన్లు పెడతన్నారు, రా" అంది.

"ఏందీ?"

ఆమె కుంటుకుంటూ వచ్చి, చొక్కా పట్టుకుని ఆయన్ని దగ్గరికి లాక్కుంది. "రమ్మంటన్నా! రెండేళ్ళకి నోరు తెరిస్తే ఇప్పుడు ఇనపడదంటావేంది?"

వినపడింది. యలమంద కండువాతో మొహం తుడుచుకుని త్రినాథ్ వైపు తిరిగాడు.

"మిషను నువ్వు చూసుకోరా" అన్నాడు.