కొసరుకు సుంకం

బెంగళూరు బళేపేటలో గాజుల ఓబళప్పను నమ్మించడం తేలిక, ఒప్పించడం కష్టం. సరుకు సముద్రం దాటాలంటే కట్టెడు కాగితాలు కావాలని చెబితే వెంటనే నమ్మాడు. గాజులను వరిగడ్డిలో సర్దకూడదంటే మాత్రం ఒప్పుకోవడానికి మూడు రోజులు తీసుకున్నాడు. తాతల కాలం నుంచి ఆ అంగడిలో గాజు వరిగడ్డిలోనే పడుకుంది. ఈయనెవరో వచ్చి పక్క మార్చమంటే మనసొప్పుతుందా?

ఆ వచ్చినాయన సుందరరావు. ఓడరేవుకు పోయే సరుకుల కాగితాలు నడిపించే ఏజెంటు. గుంటూరు వైపు మనిషి. ఆదివారం చర్చిలో పిల్లలకు పాఠాలు చెప్పే అలవాటుండబట్టి ఓబళప్పతో వేగగలిగాడు. గడ్డిలో పురుగులుంటాయని అవతలి దేశం వాళ్లు మొత్తం తగలబెట్టేస్తారని వివరించాడు. చెక్కపెట్టెలు కూడా పురుగు చావడానికి వేడిచేసి ముద్ర వేసినవే ఉండాలన్నాడు. పెట్టెలో కొబ్బరికాయ, నిమ్మకాయ, పసుపు బియ్యం ఏవీ వేయకూడదన్నాడు. శుభమా అని తొలిసారి దేశం దాటుతున్న సరుకును బోడిగా పంపించమంటాడేమిటని ఓబళప్ప లోలోపల తిట్టుకున్నాడు. అయినా తలూపాడు. మాట ఇచ్చేశాడు మరి.

ఆ మాట సంగతి కూడా చెప్పాలి. కిందటేడు మారిషస్ నుంచి అనిత అనే ఆవిడ భర్త మోకాలి ఆపరేషన్ కోసం బెంగళూరు వచ్చి, ఒక మధ్యాహ్నం గాజులకని బళేపేటకు వచ్చింది. వాళ్ల ముత్తాతలు ఎప్పుడో చెరుకు తోటల్లో పనికి వెళ్లిన తెలుగువాళ్లు. ఆవిడ తెలుగు రాళ్లలో నడిచినట్టు మెల్లగా, తడబడుతూ సాగుతుంది. ఓబళప్ప ఆవిడ చేతికి డజను గాజులు తొడిగి, అలవాటుగా ఇంకొకటి ఎక్కించాడు. పదమూడోదానికి ఎంత అని ఆవిడ అడిగింది. ఓబళప్ప నవ్వి, అది కొసరనీ, కొసరుకు ధర ఉండదనీ చెప్పాడు. ఆవిడ ఆ గాజును చాలాసేపు తిప్పుకుంటూ కూర్చుంది. వెళ్లేముందు, ఉగాదికి తమ ఊళ్లో ఆడవాళ్లందరికీ మూడు వందల డజన్లు కావాలంది. పండగనాటికి మీ చేతులకుంటాయి తల్లీ అన్నాడు ఓబళప్ప. హొసూరు దాటి ఒక్క మూట పంపి ఎరగని మనిషి అన్న మాట అది. బళేపేట అంతా నవ్వింది. ఎదురంగడి చిక్కమునియప్ప అయితే, ముందు ఈ ఊళ్లో ఉండే మడివాళ దాటించి చూడప్పా అన్నాడు. అప్పటినుంచి ఓబళప్పకు ఆ సరుకు ఉగాదికి చేరడం ప్రాణసమానమైంది.

సుందరరావు చివరి నియమం ఒకటుంది.

"కాగితంలో ఎంత రాస్తామో పెట్టెలో అంతే ఉండాలండీ. మూడు వేల ఆరు వందలంటే మూడు వేల ఆరు వందలే. ఒక్కటి ఎక్కువైనా దాచి పంపుతున్నారంటారు."

ఓబళప్ప ఇంటికి వెళ్లి భార్య సొన్నమ్మను గట్టిగా హెచ్చరించాడు. నీ చేతివాటం ఎక్కువ, అలవాటు కొద్దీ కొసరు వేసేవు, జాగ్రత్త అన్నాడు. సొన్నమ్మ ఊరుకునే రకం కాదు. నలభై ఏండ్లుగా కొసరు వేసి వేసి చెయ్యి వంకరపోయింది నీది, నాది కాదు అంది. ఇద్దరూ ఒకరికొకరు బుద్ధి చెప్పుకుని పనిలో దిగారు. అంగడిలో ఓబళప్ప డజన్లు లెక్కపెట్టి దారం కట్టడం, మిద్దె మీద సొన్నమ్మ వాటికి కాగితం చుట్టడం.

మొదటి డజను కట్టాడు. పన్నెండు. చెయ్యి దానంతటదే పదమూడో గాజు మీదకు పోయింది. వెనక్కి లాక్కున్నాడు. పన్నెండు గాజుల కట్ట తల దువ్వకుండా బడికి పంపిన పిల్లలా వెలవెలబోయి చూసింది. పెళ్లిళ్లకూ, సీమంతాలకూ, ముక్కూముఖం తెలియని వాళ్లకూ కొసరు లేకుండా ఇచ్చి ఎరగడు. అంత దూరం నుంచి వెతుక్కుంటూ వచ్చిన ఆడబిడ్డకు మాత్రం గీచి గీచి పంపాలా? దారిలో ఒకటి పగిలితే డజను కాస్తా పదకొండు కాదా? ఆఫీసర్లు ప్రతి కట్టా విప్పుతారా ఏమన్నా? ఇన్ని ప్రశ్నలు వేసుకుని, జవాబుల కోసం ఆగకుండా, మూడు వందల కట్టలకూ ఒక్కో గాజు కలిపేశాడు. సొన్నమ్మకు చెప్పలేదు. ఏ మొహం పెట్టుకుని చెబుతాడు?

వైట్‌ఫీల్డ్ దగ్గర కంటైనర్ల డిపోకు టెంపోలో ముగ్గురూ వెళ్లారు. ఆ సాయంత్రం కంటైనరు లారీకి ఎక్కితేనే సరుకు మద్రాసులో ఓడ అందుకుంటుంది, ఉగాదికి చేరుతుంది. తప్పితే మళ్లీ రెండు వారాలు. రాకుంటే మేలని ఓబళప్ప అనుకున్నా సొన్నమ్మ వచ్చింది. గాజులు గడప దాటేటప్పుడు ముత్తయిదువ ఎదురుండాలట.

తనిఖీకి వచ్చిన ఆఫీసరమ్మ వయసులో చిన్నది. ఒక చేతికి వాచీ, రెండో చెయ్యి బోసి. పెట్టె తెరిపించి, అడుగు నుంచి ఒక కట్ట తీయించి, కాగితం విప్పి కన్నడంలో నిదానంగా లెక్కపెట్టింది.

"హదినాల్కు."

ఓబళప్పకు తల తిరిగింది. ఈ కాలం చదువులకు లెక్కలు కూడా రావా అనుకున్నాడు.

"పధ్నాలుగేందమ్మా, పదమూడు కదా ఉండాల్సింది?" అన్నాడు.

సుందరరావు అతని వంక చూశాడు. "పన్నెండు కదండీ ఉండాల్సింది?"

సొన్నమ్మ దూరంగా కంటైనరు ఎత్తుతున్న క్రేనును ఎన్నడూ చూడనంత శ్రద్ధగా చూస్తోంది. ఓబళప్పకు అప్పుడు అర్థమైంది. తను పదమూడు కట్టి పంపితే, ఈవిడ కాగితం చుట్టేటప్పుడు మరొకటి దూర్చింది. దొంగకు దొంగ దొరికాడు. తిడదామన్నా, తన నోటితోనే పదమూడు బయటపడిపోయింది.

ఇంకో నాలుగు కట్టలు విప్పారు. అన్నీ పధ్నాలుగే. కాగితంలో లేని గాజులు ఆరు వందలు పెట్టెల్లో ఉన్నాయి. ఎందుకున్నాయని ఆఫీసరమ్మ అడిగింది. కొసరు అన్నాడు ఓబళప్ప. కొసరంటే ఏమిటంది. తనకు తెలిసిన కన్నడంలో అరగంట చెప్పాడు. ఆమె ఓపిగ్గా విని, రెండు దారులున్నాయంది. ఆరు వందలూ తీసేయాలి. లేదా కాగితంలో వేరే వరుస రాసి, వాటికి విలువ కట్టాలి. ఊరికే ఇచ్చేదైనా సరే, దేశం దాటే వస్తువుకు సున్నా విలువ రాయడానికి వీల్లేదు.

మూడు వందల కట్టలు విప్పి మళ్లీ కట్టాలంటే బండి పోతుంది. ధర కట్టమంటే ఓబళప్పకు ప్రాణం పోతుంది.

"ధర కడితే అది కొసరెట్లయితాదప్పా? అమ్మినట్టయితాది," అన్నాడు సుందరరావుతో.

సొన్నమ్మకు ఒక ఉపాయం తోచింది. అదే డబ్బుకు పధ్నాలుగు అమ్మినట్టు రాసేస్తే పోలా అంది. సుందరరావు ముఖం వెలిగింది. ఆఫీసరమ్మ కూడా సరేనంది. అంతలో సొన్నమ్మ సంచిలో చెయ్యి పెట్టి గలగలమనిపిస్తూ ఒక గాజుల కట్ట బయటికి తీసింది.

"అమ్మా, అవెందుకు?" అన్నాడు సుందరరావు భయంగా.

"పధ్నాలుగూ అమ్మినవే అయితే కొసరు యాడుండాది? పదైదోది వెయ్యొద్దా?"

సుందరరావు రెండు చేతులూ జోడించాడు. ఇరవై ఏళ్ల ఉద్యోగంలో మిరపకాయల మూటలనూ, పట్టు బేళ్లనూ, ఒకసారి గుర్రాన్నీ దేశం దాటించాడు గానీ, ఇలాంటి దంపతులను చూడలేదు. బయట బండివాడు హారన్ మోగించాడు.

ఓబళప్ప పెట్టెల మధ్య కాసేపు కూర్చున్నాడు. కొసరు తీసేస్తే తను ఓబళప్ప కాడు. ధర రాస్తే అది కొసరు కాదు. రెండూ వద్దంటే ఉగాదినాడు అక్కడ చేతులు బోసిగా ఉంటాయి. ఆఫీసరమ్మ బోసి చెయ్యి వైపు చూశాడు. ఏడుపొచ్చింది. లేచి, జతకు ఒక రూపాయి రాయమన్నాడు. ఆ వరుసకు ఏం పేరు పెట్టమంటారని సుందరరావు అడిగితే, ఉన్న పేరే పెట్టమన్నాడు. ఇంగ్లీషు అక్షరాల్లో కొసరు అని, పక్కన ఆరు వందలు, జత ఒక రూపాయి, లెక్క కోసం మాత్రమే అని సుందరరావు టైపు చేయించుకొచ్చాడు. నలభై ఏళ్లలో మొదటిసారి కొసరుకు ధర కట్టి ఓబళప్ప సంతకం పెట్టాడు. బండి కదిలే ముందు సొన్నమ్మ తన సంచిలోంచి నిమ్మకాయ తీసి దాని చక్రం కింద వేసింది. దానికి నియమమేదీ లేదు.

ఉగాదినాడు అంగడిలో ఫోను మోగింది. అనిత. గాజులు చేరాయి, అందరూ తొడుక్కున్నారు అంది. తర్వాత గొంతు తగ్గించి, మీరు కొసరుకు ధర ఉండదన్నారు, కాగితంలో రూపాయి ఉంది, ఇక్కడి కస్టమ్స్‌లో దానికీ సుంకం కట్టాం అంది. ఓబళప్ప ఇన్నాళ్లూ భయపడింది ఈ మాటకే.

అనిత తల్లి బాలమ్మ ఫోను తీసుకుంది. ఎనభై దాటిన గొంతు.

"నాయనా, కొసరు ఊరికే ఇచ్చేవాళ్లు ఊరికొకరుంటారు. దాని కోసం సర్కారుతో మాట పడి, సుంకం కట్టించి మరీ ఇచ్చినావే, నీ ఇల్లు చల్లగుండ. కొసరన్న మాట మా అమ్మ నోట విన్నదే, మళ్లీ ఈనాడు కాగితంలో చూసినా." ఆమె ఊపిరి పీల్చుకుంది. "ఒక్క సంగతి చెప్పు. ఇక్కడ ఆడవాళ్లంతా అడగతా ఉండారు. కట్టకు రెండు కొసర్లు ఉండాయి. ఒకటి నీదే. ఇంకొకటి ఎవరిది?"

ఓబళప్ప తల తిప్పి చూశాడు. సొన్నమ్మ ఎవరి చేతికో గాజులు తొడుగుతూ, పన్నెండు అయిపోయాక అటూ ఇటూ చూసి, మొగుడి వైపు వీపు తిప్పి, రెండు ఎక్కిస్తోంది.

"మా ఇంటామెది," అన్నాడు. "ఇదో, ఇస్తా ఉండా, ఆమెతోనే మాట్లాడు తల్లీ."