నా పేరు, ఆయన నంబరు

మా ఇంట్లో ఫోన్లు చార్జింగ్ పెట్టే పని నాది, మెసేజీలు చదివే పని ఆయనది. పొద్దున మిక్సీ పక్కనున్న ప్లగ్గుకు రెండు ఫోన్లూ తగిలిస్తాను. నా ఫోను నంబరు వార్డులో తోటి నర్సులకూ మా అమ్మకూ తప్ప పెద్దగా ఎవరికీ తెలియదు. గ్యాసు, బ్యాంకు, ఆధారు, పిల్ల స్కూలు, చివరికి నా జీతం పడిందని చెప్పే మెసేజీ కూడా ఆయన ఫోనుకే పోతుంది. పెళ్లయిన కొత్తలో నాకు ఫోను లేదు కాబట్టి అలా మొదలైంది. తర్వాత ఫోను వచ్చినా ఏ ఫారం చేతికొచ్చినా నా పెన్ను ఆయన నంబరే రాసింది. ఎవరూ చెయ్యి పట్టుకొని రాయించలేదు. అది నా అలవాటే, ఒప్పుకుంటాను.

యూనివర్సిటీ ఫారం కూడా అలాగే నింపాను.

ఉద్యోగాలు చేసుకునేవాళ్ల కోసం ఆదివారాలు నడిపే మానవ హక్కుల పీజీ డిప్లొమా అది. నేను సర్కారు దవాఖానాలో ప్రసూతి వార్డు నర్సును. నలభై రెండేళ్ల వయసులో మళ్ళీ పుస్తకాల సంచీ తగిలించుకుంటానంటే మా అత్త సోమమ్మ తమలపాకు నమలడం ఆపి అడిగింది, "హక్కులు చదివి ఎవలి మీద కేసు పెడతవే? నా మీదనా, నా కొడుకు మీదనా?"

"వరుసగా అందరి మీద పెడత అత్తమ్మా. పెద్దోళ్లు కాబట్టి ముందు మీ మీదనే" అన్నాను. ఆమె నవ్వబోయి, నవ్వాలో వద్దో తేలక మళ్ళీ ఆకు నమిలింది.

మా ఆయన పరశురాం మాత్రం పెద్ద మనసు చేసుకున్నాడు. "చదువుకో, నేను వద్దంటనా? ఇంట్ల పని ఆగకుండ చూస్కో, చాలు." ఈ మాట ఆయన నలుగురిలో కూడా చెప్పుకొన్నాడు. నాకు శభాష్ అనేవాళ్ల కంటే, నన్ను చదవనిచ్చినందుకు ఆయనకు శభాష్ అన్నవాళ్లే ఎక్కువ.

క్లాసు వాట్సప్ గ్రూపులో చేర్చింది ఫారంలో ఉన్న ఆయన నంబరునే. అన్నం తినేటప్పుడు ఆయన వార్తలు చదివినట్టు చెప్పేవాడు, "వచ్చే వారం రెండో క్లాసు లేదంట. అసైన్‌మెంట్ పదో తారీకు లోపల ఇయ్యాల్నంట." వినడానికి సుఖంగానే ఉండేది. నాకో పని తగ్గిందనుకున్నాను.

ప్రాజెక్టుకు నేను ఎంచుకున్నది సంతకం. మా వార్డులో ఆడమనిషి కడుపు కొయ్యాలన్నా, పిల్లలు పుట్టకుండా ఆపరేషన్ చెయ్యాలన్నా కాగితం ముందు బయట వరండాలో ఉన్న మొగుడి దగ్గరికి పోతుంది. రూల్ ప్రకారం ఆమె సంతకమే చాలు. అయినా పంతొమ్మిదేళ్లుగా "మీ ఆయనను పిలువమ్మా, సంతకం పెట్టాలె" అని కేకేసిన నోరు నాదే. నొప్పులతో మెలికలు తిరుగుతూ కూడా ఒకామె "నన్ను అడుగరా సిస్టరమ్మా?" అన్నప్పుడు నాకు విసుగు వచ్చింది తప్ప సిగ్గు రాలేదు. సిగ్గు చాలా రోజుల తర్వాత, క్లాసులో కూర్చున్నాక వచ్చింది. అక్కడి నుంచే రిపోర్టు మొదలుపెట్టాను. చివర్లో దాని మీద ఎదురుగా కూర్చోబెట్టి ప్రశ్నలడిగే వైవా ఉంటుంది.

ఆ ఆదివారం మా ఆడబిడ్డ విజయశ్రీది మౌలాలిలో కొత్తింటి గృహప్రవేశం. తెల్లారకముందే ఆయనా అత్తమ్మా పిల్లను తీసుకొని వారాసిగూడలోని మా ఇంటి నుంచి వెళ్లిపోయారు. "ఇయ్యాల క్లాసు లేదంట, వైవా వచ్చే నెలకు పోయిందంట. పూలు పట్టుకొని పదకొండింటికల్లా వచ్చెయ్, వడ్డించేటందుకు మనిషి లేదు" అని చెప్పి మరీ వెళ్లాడు. నేను పట్టుచీర కట్టుకొని, బంతిపూల సంచీ పట్టుకొని, ఎలాగూ దారే కదా అని యూనివర్సిటీ పక్కనున్న తార్నాకలో దిగాను. జిరాక్సు షాపులో బైండింగుకిచ్చిన రిపోర్టు తీసుకొని మళ్ళీ ఆటో ఎక్కుదామని.

షాపులో మా క్లాసు రవికాంత్ ఉన్నాడు. కోర్టులో ప్రాక్టీసు చేసే లాయరు, నాకంటే పదేళ్లు చిన్న. ఇస్త్రీ చొక్కా వేసుకొని, చేతిలో ఫైలుతో నన్ను చూసి ఆశ్చర్యపోయాడు.

"ఏందక్కా, ఫంక్షన్‌కు పోలే? వైవాకు రాను అని మీరే పెట్టిన్రు గదా."

"ఏ వైవా?"

"ఇయ్యాల్టి వైవా అక్కా. పదకొండింటికి."

నేను చెయ్యి చాపాను. రవికాంత్ తన ఫోను తెరిచి ఇచ్చాడు. గ్రూపులో నా పేరు మీద, నాలుగు రోజుల కింద, 'ఫ్యామిలీ ఫంక్షన్ కారణంగా నేను ఈసారి వైవాకు హాజరు కాలేను. వచ్చే బ్యాచ్‌తో ఇస్తాను' అని ఉంది. పక్కన రెండు దండం బొమ్మలు.

వేలితో పైకి జరుపుకుంటూ పోయాను. ఎనిమిది నెలల 'నేను' అందులో ఉంది. పండుగ శుభాకాంక్షలు చెప్పిన నేను, సార్ల ప్రతి మాటకూ బొటనవేలు చూపించిన నేను. పోయిన నెలలో సంతకాల గురించి చర్చ జరిగినప్పుడు ఆ 'నేను' ఇలా రాసింది, 'నేను కూడా నర్సునే. ఆపరేషన్‌కు భర్త సంతకం అడగడంలో తప్పు లేదు. కుటుంబంలో హక్కుల కంటే సర్దుబాటు ముఖ్యం.' కింద మా కోఆర్డినేటర్ కరుణ మేడం జవాబు, 'రజిని గారూ, మీ ప్రాజెక్టుకు ఇది పూర్తిగా విరుద్ధం. వైవాలో మాట్లాడుదాం.'

"మీరు క్లాసుల ఒక తీరు, గ్రూపుల ఒక తీరు మాట్లాడుతరని మేమనుకునేది అక్కా. ఏమనుకోకండి" అన్నాడు రవికాంత్ నేలచూపులు చూస్తూ.

అతన్ని ఏమనుకోను. పూల సంచీ జిరాక్సు షాపు అమ్మాయికి ఇచ్చేసి, రిపోర్టు పట్టుకొని క్యాంపస్ లోపలికి నడిచాను. పట్టుచీరతో అంత వేగంగా నడవొచ్చని నాకు ఆ రోజే తెలిసింది.

డిపార్టుమెంటు ఆఫీసులో గుమాస్తా నరహరి గారు కంప్యూటరు చూసి తల అడ్డంగా ఊపారు. "మీరు ఆన్‌లైన్ల విత్‌డ్రా కొట్టిన్రు గదమ్మా. మళ్ళ పేరు ఎక్కియ్యాల్నంటే మీ నంబర్‌కు ఓటీపీ వస్తది, అది చెప్పాలె. కొట్టమంటరా?"

"కొట్టండి" అన్నాను.

అర నిమిషంలో నా ఫోను మోగింది. ఆయనే. వెనక సన్నాయి వినిపిస్తోంది.

"ఎక్కడున్నవ్? యూనివర్సిటీ నుంచి ఓటీపీ ఎందుకొచ్చింది?"

"వైవాకు నా పేరు మళ్ళ ఎక్కిస్తున్నరు. నంబర్ చెప్పండి."

సన్నాయి దూరమైంది. తర్వాత గొంతు తగ్గించి, పిల్లకు నచ్చజెప్పినట్టు అన్నాడు, "చూడు రజినీ, చెల్లె ఇల్లు ఒక్కసారే కడతది. పరీక్ష ఆరు నెలలకోసారి వస్తది. నీకు చెప్తే టెన్షన్ పడతవని నేనే రాసిన. నీ మంచికే. ఆటో ఎక్కు, మాట్లాడుకుందం."

"నంబర్ చెప్పండి."

"ఈడ నూరు మంది ఉన్నరు. అమ్మ అడుగుతున్నది, కోడలేదని. నా ఇజ్జత్ ఏం గావాలె?"

"వైవా అయినంక వస్త. భోజనం జేస్త. వడ్డించనీకి మాత్రం రాను."

ఫోను పెట్టేశాడు. తెర మీద ఓటీపీ గడువు కరిగిపోతుంటే నేనూ నరహరి గారూ చూస్తూ నిలబడ్డాం. ఇరవై ఏళ్ల సంసారంలో నాకు కొట్లాటలు తెలుసు, అలకలు తెలుసు. నా పేరుతో ఇంకొకరు బతికితే ఏం చెయ్యాలో మాత్రం తెలియదు.

"ఓటీపీ లేకుంటే ఏం తొవ్వ లేదా సార్?"

ఆయన గడ్డం గోక్కున్నారు. "ఉన్నది. మనిషి ఎదురుంగ ఉన్నంక కాయితం మీద రాసిస్తే మేడం తీసుకుంటరు. కానీ ఉత్తగ రాస్తే కాదమ్మా. 'ఆ మెసేజ్ నేను పెట్టలే, విత్‌డ్రా నేను కొట్టలే, నాకు తెల్వకుండ ఫలానా మనిషి చేసిండు' అని రాయాలె. ఆ మనిషి ఎవరో కూడా రాయాలె. అది ఫైల్ల ఉంటది."

తెల్లకాగితం ఒకటి నా ముందు పెట్టి మర్యాదగా కంప్యూటరు వైపు తిరిగారు.

ఫైల్లో ఉంటది. నరహరి గారు చదువుతారు, మేడం చదువుతుంది, ఎప్పుడో ఏదో పనికి ఫైలు తెరిచిన కొత్త గుమాస్తా చదువుతాడు. సాఫ్ట్‌వేర్ తప్పు అని రాయొచ్చు. ఫోను పోయిందని రాయొచ్చు. పిల్ల ఆడుకుంటూ నొక్కిందని రాస్తే అందరూ నవ్వి వదిలేస్తారు. కాపురాన్ని కప్పే అబద్ధాలు నాకు ఎన్ని తెలుసో! బుగ్గ మీద వాపుకు తలుపు తగిలిందని, అత్తారింట్లో బాగా చూస్తున్నారని, మొగుడు తమను అడిగే సంతకం పెట్టాడని వార్డులో ఆడవాళ్లు చెబుతుంటే నేను తలాడిస్తూ కేసు షీట్లో అవే రాశాను. వాళ్లు ఎందుకు అలా చెప్పేవాళ్లో, పెన్ను పట్టుకున్న ఈ వేళ్లకు ఇప్పుడు అర్థమవుతోంది. నిజం రాస్తే మొగుడు చెడ్డవాడవుతాడని కాదు. ఇన్నాళ్లూ ఊరుకున్నది నేనేనని నాకే తెలిసిపోతుందని.

రాశాను. నిదానంగా, కొట్టివేతలు లేకుండా. 'నా భర్త పరశురాం, నన్ను అడగకుండా, నాకు చెప్పకుండా' అన్నచోట పెన్ను ఒకసారి ఆగింది, మళ్ళీ కదిలింది. కింద సంతకం పెట్టి, నంబరు అన్నచోట నా నంబరు వేశాను. కంఠతా రాకపోతే ఫోనులో చూసి వేశాను.

నరహరి గారు చదివి, స్టాంపు వేసి, మేడం దగ్గరికి పట్టుకుపోయారు. తిరిగొచ్చి, "పన్నెండింటికి మీ నంబర్ పిలుస్తరమ్మా. నీళ్లు తాగండి" అన్నారు.

లోపల బల్లకు అవతల కరుణ మేడం, పక్కన వేరే యూనివర్సిటీ నుంచి వచ్చిన పెద్దాయన. మేడం నా పట్టుచీర చూసింది, నా ముఖం చూసింది, గ్రూపు సంగతి ఎత్తలేదు. పెద్దాయనే రిపోర్టు తిరగేస్తూ అడిగారు.

"బాగా తిరిగారమ్మా. అరవై రెండు మందితో మాట్లాడారు. కానీ ఒక్క పేరూ అసలు పేరు కాదు. అన్నీ మార్చారు. తన అనుమతి లేకుండా భర్త నిర్ణయించాడని సొంత పేరుతో చెప్పడానికి ఒక్క ఆడమనిషి కూడా ముందుకు రాలేదా?"

"రిపోర్టు రాసేనాటికి రాలేదు సార్" అన్నాను. "గంట కింద ఒకామె రాసి సంతకం పెట్టింది. ఆమె పేరు రజిని."