యోనా కుడికాలు

నౌపడ స్టేషనులో రైలు నిలిచేది కాసేపే. స్టేషను ఎదుట పైడిరాజు సోడా కొట్టు దగ్గర నిలిచిన జనం మాత్రం అంత తొందరగా కదలరు. పంతొమ్మిది వందల ఇరవై ఏడు, మే నెల. ఎండ మాడ్చేస్తోంది. ఉప్పు మడుల మీంచి వచ్చే గాలికి పెదవులు పగిలిపోతున్నాయి. అయినా ఆ కొట్టు ముందు బల్ల మీద చోటు దొరకదు. పంటల గురించి మాట్లాడుకుంటున్నారనుకుంటారేమో. అబ్బే! వారం రోజులుగా అక్కడ నలుగుతున్నది ఒక్కటే మాట. వచ్చే శనివారం టెక్కలిలో నౌపడ ఉప్పు జట్టుకు పలాస రైలు జట్టుతో ఫుట్‌బాలు ఫైనలు. అందులో యోనాని ఆడించాలా, కూర్చోబెట్టాలా?

"ఆడి కాలు సచ్చిపోనాదిరా," అన్నాడు పోలారావు. ఇతగాడు ఉద్దానం రైతు. మ్యాచిలు వచ్చాయంటే కొబ్బరితోట తమ్ముడికి అప్పగించి నౌపడ వచ్చి కూర్చుంటాడు. "కిందటేడు ఆ కుడికాల్తో కొడితే గోలుకాడోడు వొణికిపోయేవోడు. ఈ ఏడు రెండు మేచిలాడినాడు, ఒక్క గోలు నేదు. బంతి వత్తే కాలు ఎనక్కి లాక్కుంటన్నాడు. సూసినావా నేదా?"

"ఎందుకు సూడనేదు?" పైడిరాజు సీసాలో గోలీని బొటనవేలితో దిగనొక్కాడు. సోడా బుస్సుమంది. "అలగని ఆడిని తీసేత్తే మనకెవుడున్నాడు? రైలోళ్ళకి బూట్లున్నాయి. మనకి యోనా ఉన్నాడు."

"ఉన్నాడు గాని, ఎక్కడున్నాడు? నీడలో కూకుని దబ్బనంతో బస్తాలు కుట్టుకుంటన్నాడు!"

ఆ మాట పైడిరాజు బుర్రలో పడింది.

యోనా ఎవరో చెప్పాలి. ఉప్పు పండించే కొఠార్లో కూలి. మిషను వీధిలో కాపురం, ఆదివారం ప్రార్థన, తక్కిన ఆరు రోజులూ మడిలో పని. మోకాలి కింద దాకా ఉప్పునీళ్ళలో నిలబడి, పొడుగాటి కర్రపారతో ఉప్పు గట్టుకు లాగుతాడు. ఉప్పు జట్టులో దాదాపు అందరూ ఇలాంటి కూలీలే. బూట్లు లేవు, వట్టి కాళ్ళతోనే ఆడతారు. ఉప్పునీటిలో నానిన కాలు తోలుకన్నా గట్టిదని, దానికి నొప్పి తెలియదని ఆ చుట్టుపక్కల అందరి నమ్మకం. ఆ సంగతి ఆ కాళ్ళవాళ్ళను అడిగి తెలుసుకున్నారా? లేదు. బల్ల మీద కూర్చుని తేల్చుకున్నారు.

ఇంకొకటి కూడా చెప్పాలి, చెప్పడానికి సిగ్గుగానే ఉన్నా. పైడిరాజు కొట్లో మిషను వీధి వాళ్ళకని నాలుగు సీసాలు వేరుగా ఉండేవి. వాటి మెడకు ఎర్రదారం కట్టి ఉండేది. వాళ్ళు కొట్టు బయట, వేపమొద్దు దగ్గర నిలబడి తాగాలి. మూడేళ్ళ కిందట యోనా ఒక్కడే మూడు గోలులు కొట్టి వెండికప్పు నౌపడకు తెచ్చిన రోజున పైడిరాజు ఒళ్ళు మరచిపోయి, దారం లేని సీసా యోనా చేతికిచ్చి, "కూకోరా ఇక్కడ!" అని బల్ల చూపించాడు. ఆనాటి నుంచి యోనాకి బల్ల మీద చోటు, దారం లేని సీసా. అతని అన్నదమ్ములకు మాత్రం మామూలే, ఎర్రదారమూ వేపమొద్దూను.

ఇప్పుడు అసలు సంగతి వినండి. మాఘమాసంలో మడి తొక్కుతుంటే యోనా కుడి అరికాలిలో ఆలిచిప్ప ముక్క దిగింది. ముక్క తీశాడు గాని పుండు మానలేదు. పొద్దస్తమానం ఉప్పునీళ్ళు తగిలే పుండు ఎలా మానుతుంది? వేలి కొన పట్టేంత చిల్లయింది. మేస్త్రీ దగ్గరకు వెళ్ళి, కాలి పుండని చెప్పడానికి మొహం చెల్లక, నడుము నొప్పని అబద్ధమాడి బస్తాలు కుట్టే పనికి మారాడు. పొడిచోట కూర్చుంటే పుండు ఆరుతోంది. ఇంకొక్క నెల అలా గడిస్తే మానిపోయేది.

కాని మన పైడిరాజు ఊరుకోలేదు. అతను చెడ్డవాడు కాదు, నిజంగా యోనా మీద ప్రాణం పెట్టుకున్నవాడే. మర్నాడు పొద్దున్నే పోలారావునీ మరో పదిమందినీ వెంటబెట్టుకుని కొఠారుకు పోయి మేస్త్రీ రామూర్తిని పట్టుకున్నాడు.

"బావా, యోనాని మల్లీ మడిలోకి దింపు. నీడన కూకుని కాలు మెత్తబడిపోనాది. నాలుగు రోజులు ఉప్పునీళ్ళలో నానితే ఎనకటిలాగ గట్టిపడిపోద్ది. శనివారం కప్పు మనదే!"

"ఆడు నడుము నొప్పన్నాడు మరి?"

"నడుంతో బంతి కొడతాడేటి?" అన్నాడు పోలారావు. అందరూ పకపకా నవ్వారు. రామూర్తి కూడా నవ్వాడు. ఆ పూటే యోనాని మడిలోకి దింపేశాడు.

బుధవారం సాయంత్రం యోనా సోడా కొట్టుకు వచ్చాడు. జట్టు కెప్టెన్ ధర్మారావు పేర్లు చెబుతాడని కబురు పంపారు. ధర్మారావు కొఠార్లో ఉప్పు తూచే గుమాస్తా, నిదానస్తుడు. యోనా నడిచి వచ్చే తీరు చూసి అతనికి అనుమానం వచ్చింది. అనుమానం వచ్చినవాడు పక్కకు పిలిచి అడగాలా వద్దా? ముప్ఫై మంది నడుమ నిలబెట్టి అడిగాడు.

"ఏరా యోనా, ఆడగలవా? ఒంట్లో బాగున్నాదా?"

ముప్ఫై మొహాలు యోనా వైపు తిరిగాయి. ఈలోగా పైడిరాజు ఒక సీసా తీసి యోనా చేతిలో పెట్టాడు. పరాకున తీశాడో, రెండు మ్యాచిల కోపం చేతికి వచ్చిందో అతనికే తెలియాలి. సీసా మెడకు ఎర్రదారం ఉంది. యోనా దారం చూశాడు. బల్ల వైపు చూశాడు. అతను కూర్చునే చోట పోలారావు కాళ్ళు బారజాపుకుని ఉన్నాడు, కదల్లేదు.

"బాగున్నాను బాబూ," అన్నాడు యోనా. "ఆడతాను."

సోడా తాగకుండానే సీసా బల్ల చివర పెట్టి వెళ్ళిపోయాడు.

ఇంటి దగ్గర భార్య జీవరత్నమ్మ వేడినీళ్ళలో పసుపు కలిపి అతని కాలు తొట్టిలో పెట్టింది. పుండు మళ్ళీ తెరుచుకుంది, చుట్టూ నల్లబడుతోంది. ఆమెకు ఏడుపూ కోపమూ ఒక్కసారే వచ్చాయి.

"సెప్పరాదేటి ఆళ్ళకి? నోరు పడిపోనాదా?"

"సెప్తే మరేటవుద్ది? ఉప్పోడికి కాలు నొప్పేటని నవ్వుతారు. రేపటినుంచి నాను మల్లీ ఆ వేపమొద్దు కాడే."

"వేపమొద్దు కాడ నిలబడ్డానికైనా కాలుండాల గదా!"

నీళ్ళు చల్లారాక యోనా కాలు తుడుచుకున్నాడు. మరో రెండు రోజులు మడిలోకి దిగాడు.

శనివారం టెక్కలి మైదానం జనంతో నిండిపోయింది. బారువ నుంచి, నిమ్మాడ నుంచి బళ్ళు కట్టుకుని వచ్చారు. ఆట మొదలైన పావుగంటకే రైలు జట్టు ఒక గోలు కొట్టింది. ఆ తరువాత మనవాళ్ళు ఒకటి కొట్టి సమానం చేశారు. యోనా మాత్రం ఎడమకాలి మీదే పరుగెత్తుతున్నాడు. బంతి కుడివైపు వస్తే పక్కవాడికి తోసేస్తున్నాడు.

"నిద్దరోతన్నావేటిరా!"

"రైలోళ్ళు లంచం ఏటైనా పెట్టినారేటి నీకు?"

ఇలా అరిచినవాళ్ళు శత్రువులనుకుంటున్నారా? నౌపడవాళ్ళే. అందరిలోకీ పెద్ద గొంతు పైడిరాజుది. ఒకచోట నిలబడలేక గీత వెంట అటూ ఇటూ తిరుగుతున్నాడు, తలపాగా విప్పుతున్నాడు, చుడుతున్నాడు. "కుడికాలు! కుడికాల్తో కొట్టరా యోనా!" అని గొంతు చించుకుంటున్నాడు.

ఆట ముగియవచ్చింది. రిఫరీ గడియారం చూసుకుంటున్నాడు. సరిగ్గా గోలు ఎదుట బంతి యోనా కుడికాలి ముందుకు వచ్చి ఆగింది. ఎడమకాలికి మార్చుకునే వ్యవధి లేదు. ఒక్క క్షణం అతను జనం వైపు చూశాడు. తరువాత కుడికాలు ఎత్తి, ఉన్న బలమంతా పెట్టి కొట్టాడు.

గోలు!

జనం గీత దాటి మైదానం మీద పడ్డారు. పైడిరాజు అందరినీ తోసుకుంటూ పోయి యోనాని ఎత్తి భుజాల మీద కూర్చోబెట్టుకున్నాడు. ఎర్రదారం సంగతి ఎవరికి గుర్తుంది ఆ సమయంలో! ఎగురుతున్నాడు, ఏడుస్తున్నాడు, నవ్వుతున్నాడు. నాలుగడుగులు వేసేసరికి ఛాతీ మీద చొక్కా తడిసి వెచ్చగా తగిలింది. చెమటనుకున్నాడు. తల వంచి చూసుకున్నాడు. తెల్లచొక్కా ఎర్రగా ఉంది.

తన చేతిలోనే ఉన్న యోనా కుడి పాదాన్ని పైకి తిప్పాడు. మూడేళ్ళుగా ఆ కాలు గురించి రోజూ మాట్లాడినవాడు, ఆ అరికాలు చూడడం అదే మొదటిసారి. చూసి కెవ్వుమన్నాడు. మోకాళ్ళ మీద కూలబడి యోనాని నేల మీదకు దించాడు.

"ఎన్నాళ్ళయినాదిరా ఇది?"

"మాగమాసం కాడినుంచి, బాబూ."

"ఇంత పుండెట్టుకుని మడిలోకి ఎందుకు దిగినావురా? నీకు బుద్ధి నేదా?"

యోనా నొప్పితో కళ్ళు మూసుకున్నాడు. "తమరే గదా దింపమన్నారంట," అన్నాడు.

అందులో నిష్ఠూరం లేదు. అడిగినదానికి జవాబు చెప్పాడు, అంతే. పైడిరాజుకి మాత్రం చెంప మీద కొట్టినట్టయింది. చుట్టూ జనం ఇంకా కేకలు వేస్తూనే ఉన్నారు.

మిషను ఆసుపత్రిలో డాక్టరమ్మ యోనా కుడికాలికి పుండు పాకిన రెండు వేళ్ళు తీసేసింది. ఇంకో వారం ఉప్పునీళ్ళలో తిరిగి ఉంటే మోకాలి దాకా పోయేదని, ఇకమీదట మడీ వద్దు, బంతీ వద్దని చెప్పింది. వెండికప్పును యోనా మంచం పక్కన పెట్టి ఫొటో తీయించాలని పోలారావు కప్పు పట్టుకుని వచ్చాడు. గుమ్మంలోనే జీవరత్నమ్మ అడ్డం నిలబడింది. పోలారావు వెనకాలే పైడిరాజు ఉన్నాడు.

"మూడేళ్ళు మీరందరూ ఆ కాలు వేపే సూసినారు బాబూ," అందామె. "ఎలగున్నాదని ఒక్కరంటే ఒక్కరు అడగనేదు. పొండి. ఆ కప్పు మాకొద్దు."

ఇద్దరూ తలలు వంచుకుని తిరిగి వచ్చారు. పైడిరాజు నేరుగా కొట్టుకు పోయి, కత్తి తీసి, నాలుగు సీసాల ఎర్రదారాలూ కోసేశాడు. అవి తక్కిన సీసాల్లో కలిసిపోయాయి. "ఇప్పుడు ఏది ఎవుల్దో ఎలగ తెలుత్తాది?" అని ఒక పెద్దమనిషి అడిగాడు. "తెలకూడదనే కోసినాను," అన్నాడు పైడిరాజు. ఆ పెద్దమనిషీ, మరికొందరూ కొట్టుకు రావడం మానుకున్నారు. మానుకోనీ!

మరుసటి ఏడు మళ్ళీ వేసవి వచ్చింది, మళ్ళీ టెక్కలిలో ఫుట్‌బాలు పోటీలు వచ్చాయి. బల్ల మీద మళ్ళీ జనం. యోనా ఇప్పుడు ఆ కొట్టు పంచలోనే బస్తాలు కుట్టుకుంటున్నాడు. మేస్త్రీ రామూర్తే బస్తాలు అక్కడికి పంపిస్తాడు. పోలారావుకి కొత్త ఆటగాడు దొరికాడు. నిమ్మాడ నుంచి వచ్చి కొఠార్లో చేరిన సీతారాం.

"ఏటి కొట్టుడురా అది! కళ్ళు సాల్లేదనుకో. శనివారం ఈడుంటే సాలు మనకి," అంటూ సీతారాం వీపు మీద చరిచాడు. సీతారాం సిగ్గుపడుతూ నవ్వాడు. నవ్వుతూనే ఎడమకాలు కొంచెం పైకెత్తి నిలబడ్డాడు.

యోనా దబ్బనం పక్కన పెట్టాడు. "ఇలగ కూకో తమ్ముడూ," అని సీతారాం ఎడమపాదం తన ఒళ్ళోకి తీసుకున్నాడు. అరికాలు తుడిచి, బొటనవేలితో మడమ కింద నొక్కాడు. "ఇక్కడ నొప్పెడతందా?"

సీతారాం బల్ల మీదివాళ్ళ వైపు చూశాడు. "నేదు," అని కాలు వెనక్కి లాక్కోబోయాడు.

యోనా వదల్లేదు. "నానూ అలగే అన్నాను," అన్నాడు.

సీతారాం కళ్ళలో నీళ్ళు తిరిగాయి. మెల్లగా, "నొప్పెడతంది అన్నా," అన్నాడు. "పది రోజులయినాది."

"శనివారం ఈడు ఆడడు," అన్నాడు పైడిరాజు. "మడిలోకీ దిగడు. రామూర్తి బావకి నాను సెప్తాను."

పోలారావు లేచి నిలబడ్డాడు. "ఈడు నేకపోతే ఓడిపోతాం రా!"

"ఓడిపోదాం," అన్నాడు పైడిరాజు. చేతికందిన సీసా ఒకటి తీసి, సోడా కొట్టి సీతారాం చేతికిచ్చాడు. మరొకటి యోనాకిచ్చాడు. అప్పుడు అందరి వైపూ తిరిగి చెప్పాడు. "నాను ఒక మనిసి కాలు తినేసినోడినిరా. ఆడిమీద పేనం పెట్టుకునే తినేసినాను. మీరు ఆ పని సెయ్యకండి. ఏ ఆటగాడినైనా గోలు అడిగే ముందు, కాలెలగుందిరా అని అడగండి."