మందు ఎక్కిన రాటలు

"మూడుసార్లు కడగమన్నాను. రెండుసార్లే కడిగావు," అంది గ్లెనిస్, లెట్యూస్ ఆకును కిటికీ వెలుగుకు పట్టి చూస్తూ.

"రెండోసారికే నీళ్ళు తేటగా వచ్చాయి," అన్నాడు అలిస్టర్.

"మందు కంటికి కనబడుతుందా?"

"ముప్పై ఏళ్ళు ద్రాక్షతోటలో మందు కొట్టినవాణ్ణి. నాకే చెప్తున్నావా?"

అయినా మూడోసారి కడిగాడు, కుళాయి కావాలనే పూర్తిగా తిప్పి.

ఆ ఇంటికి అంగడి కూర వచ్చిందంటే కారణం చలికాలపు వాన. గ్లెనిస్ పన్నెండేళ్ళుగా రసాయనం సోకనివ్వకుండా సాకిన కూరమడి సగం, పెరటి వాలుతో పాటు జారిపోయింది. కూతురు మెర్రిన్ బిడ్డకు నాలుగో నెల. వేసవిలో వాడికి తొలి ముద్ద ఆ మడి క్యారెట్‌తోనే పెట్టాలని గ్లెనిస్ పట్టుదల.

అందుకే వాలు మళ్ళీ జారకుండా అలిస్టర్ అడ్డుగోడ కట్టాడు. ద్రాక్షతీగలకు ఊతంగా పాతి, పళ్ళు కోసే యంత్రం తగిలి విరిగిన రాటలు తోట చివర గుట్టగా పడి ఉంటాయి. అడిగితే ఊరికే ఇస్తారు. రెండు ట్రెయిలర్ల రాటలు తెచ్చి, మేకులు పీకి, కొలతకు కోసి, వరసగా పాతి, వెనక మట్టి నింపాడు. ఆదివారం భోజనానికి వచ్చిన మెర్రిన్, బిడ్డను ఎత్తుకుని పక్క దారిన చుట్టూ తిరిగి పెరట్లోకి వచ్చింది. ఇంటి ముందున్న పచ్చిక మీద పోస్ట్‌మ్యాన్ కూడా కాలు పెట్టకూడదు. అది అలిస్టర్ చేత్తో కలుపు తీసి పెంచింది.

"వీటిలో సగం తోటలో నేనే పాతానమ్మా, ఇరవై ఏళ్ళ కిందట," అన్నాడతను గోడ తడుతూ. "ఒక్క పురుగు ముట్టలేదు చూడు."

"ఆ మిగిలిన తుంటలు నాలుగు పొయ్యిలోకి పట్రా," అంది గ్లెనిస్ గుమ్మంలోంచి.

"ఇవి కాల్చకూడదు. పొగ విషం. పురుగు పట్టకుండా ఆర్సెనిక్ మందు ఎక్కించిన కలప."

గ్లెనిస్ మెట్లు దిగి వచ్చింది.

"కోసేటప్పుడు నువ్వు ముక్కుకి గుడ్డ కట్టుకున్నావు కదూ?"

"కట్టుకోకపోతే పొట్టు లోపలికి పోదూ?"

"మరి నా క్యారెట్లు ఏం కట్టుకోవాలి?"

"మట్టిలోకి దిగేది కొంచెమే, గ్లెన్."

"ఆ కొంచానికే పొద్దున మూడుసార్లు కడిగావు."

మెర్రిన్ నవ్వబోయి తండ్రి ముఖం చూసి ఆగింది.

అందరూ భోజనానికి కూర్చున్నారు. అలిస్టర్ గొర్రెమాంసం కోస్తూ కిటికీలోంచి గోడనే చూస్తున్నాడు.

"గోడ పీకనక్కర్లేదు," అంది గ్లెనిస్ చివరికి. అతని ముఖం విప్పారింది. "దాని వెనక గులాబీలు వేస్తాను. వాటిని ఎవరూ తినరు. క్యారెట్లకు చదును నేల కావాలి, ఎండ కావాలి, మందు ఎరగని మట్టి కావాలి. ముందున్న పచ్చిక రేపు తవ్వేయ్. పుదీనా సాస్ ఇటు జరుపు."