సగంలో ఆగిన సాక్ష్యం

మా తాండూరు సంఘంలో ఎవరైనా దూరప్రయాణం చేసి క్షేమంగా తిరిగొస్తే, ఆదివారం ఆరాధనలో నిలబడి సాక్ష్యం చెప్పాలి. బస్సు బోల్తా పడబోయి ఆగినా సాక్ష్యమే, పిల్లకు జ్వరం తగ్గినా సాక్ష్యమే. దానికొక వరస ఉంది. ముందు కష్టం చెప్పాలి, తర్వాత ప్రభువు ఎలా విడిపించాడో చెప్పాలి, చివర అందరూ స్తోత్రం అనాలి. నేను లిస్బన్‌లో టెక్నాలజీ సదస్సుకు వెళ్లొచ్చాను. మా సంఘంలో వెబ్‌సైట్లు తయారుచేసి బతికేవాణ్ని, ఆ పని మీద విమానమెక్కినవాణ్ని నేనొక్కణ్నే. ఇక తప్పించుకునే దారెక్కడిది?

అక్కడ చూసింది ఇంట్లో కూడా చెప్పలేదు. పెద్ద హాలు, వేలమంది జనం. వేదిక మీద ఒకామె, రాళ్ల దుకాణానికి వెబ్‌సైటు కావాలని మైకులో రెండు ముక్కలు చెప్పింది. వెనక తెర మీద అది దానంతటదే తయారైపోయింది. ఫొటోలు, ధరలు, ఆర్డరు పెట్టే పేజీ, అన్నీ. అచ్చం అలాంటిదే మా ఊరి నాపరాళ్ల వ్యాపారికి నేను నెలంతా రాత్రింబవళ్లు కూర్చుని చేసిచ్చాను. ఆమె నీళ్లు తాగి సీసాకు మూత పెట్టేలోపు నా నెల అయిపోయింది. హాలంతా చప్పట్లు. సిగ్గులేకుండా నేనూ కొట్టాను. నాతో వచ్చిన మా కంపెనీ మేనేజరు నా భుజం తట్టి, "ఇక మనకింత మంది అక్కర్లేదయ్యా" అన్నాడు, శుభవార్త చెప్పినట్టు.

తిరుగు ప్రయాణమంతా నిద్ర లేదు. నా సంగతి సరే, మునిగినవాణ్ని. నా బాధంతా నిరోషా గురించి. మా వీధిలో ఉండే నాగవ్వ కూతురు. వికారాబాద్‌లో ఒక ఆసుపత్రిలో నర్సు, రోజూ రైల్లో వెళ్లొస్తుంది. నన్ను చూసి ముచ్చటపడి, ఆ ఉద్యోగం మానేసి హైదరాబాద్‌లో వెబ్ కోర్సులో చేరతానంటోంది. సోమవారమే రాజీనామా. సూది గుచ్చడానికి ఇంకా మనిషి చెయ్యే కావాలి. ఆ చేతిని తెచ్చి నా గోతిలో పెడతానంటోంది.

ఆదివారం పాస్టరు యాకోబు అయ్యగారు నా పేరు పిలిచారు. లేచి ఉన్నదున్నట్టు చెప్పేశాను.

"నేను చేసే పని పోతున్నది. మెషిన్లే చేస్తున్నయి. కొత్తోళ్లను తీస్కుంటలేరు, ఉన్నోళ్లనే తీసేస్తరు. నిరోషా, నువ్వు నర్సు పని ఇడ్వకు."

అంతే, ఆగిపోయాను. అందరూ నా వైపు ప్రేమగా చూస్తున్నారు. కష్టం అయిపోయింది కదా, విడుదల ఎప్పుడు చెప్తాడా అని ఎదురుచూస్తున్నారు. నా దగ్గర ఆ రెండో సగం లేదు. చివరికి అయ్యగారే అందుకున్నారు. "అయినా మన యోహానును దేవుడు ఇడ్వలేదు. సముద్రాలు దాటించి క్షేమంగ తోల్కొచ్చిండు. పని గూడ ఆయనే కాపాడ్తడు." స్తోత్రం అని గుడి దద్దరిల్లింది. నేను చెప్పిందంతా ఆ ఒక్క మాటలో కొట్టుకుపోయింది.

బయట చెప్పులు వేసుకుంటుంటే నాగవ్వ వచ్చింది.

"యోహానూ, మీ అమ్మ, నేను యాలాల్ ఊర్ల ఒక్క చేన్ల కూలికి కంది కోసినం. నువ్వు పైకొస్తే మస్తు సంబురపడ్డ. నా బిడ్డ అదే తొవ్వల వస్తనంటె, నలుగుర్ల నిలవడి అద్దంటవా?"

"నిజమే చెప్పిన, చిన్నమ్మా."

"మీకు సదువెందుకని వెనకట దొరలు గూడ గిట్లనే అన్నరు. నువ్వంటవనుకోలె."

తిట్టినా బాగుండేది. తలొంచుకుని రెండో చెప్పు వేసుకున్నాను.

నిరోషా తల్లిని పక్కకు జరిపింది. ఆ పిల్లకు కోపం రాలేదు. వార్డులో రోగిని అడిగినట్టు నెమ్మదిగా అడిగింది.

"అన్నా, మరి నువ్వు మానేస్తున్నవా?"

"లేదు."

"ఎందుకు?"

"నాకు ఇంకో పని రాదు, నిరోషా."

నవ్వింది. "నీకు రాకపోవుడేంది, అన్నా. గంత పెద్ద దేశంకెల్లి నిన్ను పిలిపిచ్చుకున్నరు." అణకువగా మాట్లాడుతున్నాననుకుంది. "రేపు పొద్దుగాల బండికే పోతున్న. ఆసుపత్రోళ్లు జల్ది ఇడిసిపెట్టాల్నని నా కోసం జర ప్రార్థన చెయ్యి."

"చేస్త" అన్నాను.

ఆ రోజు చేశాను కూడా, మోకాళ్ల మీద. వాళ్లు ఆమెను వదలకూడదని, రాజీనామా తీసుకోకూడదని, ఆ పిల్ల అనుకున్నది ఒక్కటీ జరగకూడదని అడిగాను. నాగవ్వ నన్ను ఏ దొరలతో పోల్చిందో, అప్పుడు సరిగ్గా వాళ్లలో ఒకణ్నయ్యాను.