బరువు తిరిగి వస్తుంది

ఇంటికి ఎవరొచ్చినా అత్తయ్య మొదట నా చెయ్యే చూపించేవారు. వాచీ జారిపోతున్న మణికట్టు పైకెత్తి, "చూడండి, పోయిన మా అబ్బాయి రఘురామ్ మీద బెంగతో ఎలా కరిగిపోయిందో" అనేవారు.

ఆ చెయ్యి వణికేది. అది చూసి ద్వారకలో మా అపార్ట్‌మెంట్ల సొసైటీ ఆడవాళ్లు కళ్లు తుడుచుకునేవారు. పై అంతస్తు సరోజగారైతే, "ఇలాంటి కోడలు ఎంతమందికి దొరుకుతుంది పిన్నిగారూ" అనేవారు. నేను తల దించుకునేదాన్ని.

అది దుఃఖమేనని నేనూ నమ్మాను. గుండె దడదడలాడితే ఆయన గుర్తొచ్చారనుకున్నాను. జనవరి చలిలో ఫ్యాను వేసుకుంటే, అత్తయ్య రజాయి కప్పుకుని పడుకున్నారు. ఆయన పోయినరోజు నాకు ఏడుపు రాలేదు. పోనీలే, ఒళ్లయినా ఏడుస్తోంది కదా అని సర్దిచెప్పుకున్నాను.

ఒకరోజు క్లాసులో పాఠం చెబుతూ కళ్లు తిరిగి కూలబడ్డాను. ప్రిన్సిపల్ పట్టుబట్టి ఆస్పత్రికి పంపారు. రక్తపరీక్షలు, స్కాన్ అయ్యాక డాక్టరు చెప్పాడు. మెడలోని థైరాయిడ్ గ్రంథి అవసరానికి మించి పనిచేస్తోందట. అది మొదలై ఏడాది పైబడే ఉంటుందట.

ఆయన పోయింది నిరుటి వానల్లో, ఇంకా ఏడాది కాలేదు. అంటే ఆయన ఉండగానే నేను చిక్కడం మొదలుపెట్టాను.

రేడియోధార్మిక అయోడిన్ ఉన్న మందు ఒకసారి మింగితే, అది ఆ గ్రంథి జోరు తగ్గిస్తుందన్నాడు. "వణుకు ఆగిపోతుంది మేడమ్. వజన్ భీ లౌట్ ఆయేగా" అని నవ్వాడు. బరువు తిరిగి వస్తుందన్న ఆ శుభవార్తకి నేను నవ్వలేకపోయాను. అంతమంది కన్నీళ్లు ఊరికే పుచ్చుకున్నానని సిగ్గేసింది.

దాచడానికి వీల్లేదు. ఆయన పోయినప్పటినుంచీ అత్తయ్య నా పక్కనే, నా చెయ్యి పట్టుకుని పడుకుంటున్నారు.

"అత్తయ్యా, మందు తీసుకున్నాక కొన్నాళ్లు మీరు నాకు దూరంగా ఉండాలి. నా ఒంట్లోంచి కిరణాలు వస్తాయట."

"కిరణాలేమిటే? నువ్వేమన్నా సూర్యభగవానుడివా?"

జబ్బు సంగతి చెప్పాను. ఆవిడ నా మెడవంక చూశారు.

"అయితే ఈ చిక్కడం?"

"దానివల్లేనట."

"ఓహో. మావాడి కోసం కాదన్నమాట" అని లేచి వెళ్లిపోయారు.

మందు తీసుకున్నాక నాకు వేరే గది, వేరే కంచం. పిల్లల మధ్యకు వెళ్లకూడదు కనుక స్కూలుకు సెలవు. అత్తయ్య గుమ్మం దగ్గర స్టూలు మీద కంచం పెట్టి, వెనక్కి జరిగి, "పెట్టాను" అనేవారు.

ఓ సాయంత్రం సరోజగారు వచ్చారు. హాల్లో మాటలు నా గదిలోకి వినిపిస్తున్నాయి.

"రేవతి కనపడదేం పిన్నిగారూ?"

"పడుకుంది. ఏం తింటోంది గనక? ఒకటే బెంగ. వాడి కోసం ఎలా కరిగిపోయిందో నువ్వు చూశావుగా."

తెలిసి కూడా అన్నారు. నా పరువు కాపాడటానికి కాదు, కొడుకు కోసం. ఆయన కోసం ఒక మనిషి సగమైపోయిందన్న మాట ఆవిడకి కావాలి. నేను నోరు మూసుకుంటే సరిపోయేది. మూసుకోలేకపోయాను.

తలుపు తీసి, గుమ్మం దాటకుండా నిలబడ్డాను.

"సరోజగారూ, దగ్గరికి రాకండి. నాకు థైరాయిడ్. అందుకే చిక్కాను. మందు తీసుకున్నాను, మళ్లీ ఒళ్లు చేస్తాను."

"అయ్యో... అచ్ఛా. మా ఆడపడుచుకీ ఉందిలెండి, థైరాయిడ్ ఇప్పుడు అందరికీ ఉంటోంది" అంటూనే సరోజగారు లేచారు. కాఫీ గ్లాసులోనే ఉండిపోయింది.

"ఎవరడిగారే నిన్ను?" అన్నారు అత్తయ్య.

"ఎవరూ అడగలేదత్తయ్యా."

"ఇప్పుడు నేను ఏం చూపించి చెప్పుకోను?"

నేను వెనక్కి జరిగి తలుపు వేసుకున్నాను.

రాత్రి కంచం వచ్చింది. ఆవిడ వెనక్కి జరిగారు గాని, వెళ్లలేదు. కంచం అందుకుంటున్న నా చేతివంకే చూస్తున్నారు.

"ఆ వణుకు ఎప్పటికి ఆగుతుందట?"

"కొన్ని నెలలు పట్టొచ్చట."

"అప్పటిదాకా ఉంటుందన్నమాట" అన్నారు. గొంతులో ఊరట వినిపించింది.

అన్నాళ్లూ ఒళ్లయినా ఏడుస్తూ ఉంటుంది కదా అని నాకూ ఊరటగానే అనిపించింది. అందుకే ఆవిడవైపు తలెత్తి చూడలేకపోయాను.