శ్రమకాలంలో వచ్చిన సమన్లు

ఇస్సాకు పిడికిలితో గుద్దిన గుద్దుకి ప్లీడరు పురుషోత్తం గారి బల్ల మీది అద్దం నాలుగు ముక్కలైంది. ఏలూరులో ఆ బల్ల ముందు కూర్చుని ఏడ్చినవాళ్లున్నారు, సొమ్మసిల్లినవాళ్లున్నారు, అద్దం పగలగొట్టినవాడు మాత్రం ఇతనొక్కడే. యాభై రెండేళ్లొచ్చినా ఎవరి మీదా గొంతు కూడా ఎత్తని మనిషి. చేతినుంచి కారే నెత్తురు కోర్టు కాగితాల మీద పడుతుంటే తనే బెదిరిపోయి, "తప్పయిపోయిందండీ, అద్దం వేయించి ఇస్తానండీ" అన్నాడు.

భార్య వరమ్మ అతని భుజం మీది తువ్వాలు లాగి చేతికి గట్టిగా బిగించి కట్టింది. "అద్దం సంగతి తర్వాతండీ. ముందు చెరువు సంగతి చెప్పండి" అంది ప్లీడరుతో.

పురుషోత్తం గారు గాజు పెంకులు ఏరి పక్కన పెట్టి, మళ్లీ మొదటినుంచి చెప్పుకొచ్చారు. కొల్లేటి అంచున, రోడ్డు పక్కనున్న ఆ మూడెకరాల చేపల చెరువు ఇస్సాకుది కాదు, తనదేనని చిన్నాన్న కొడుకు మత్తయి దావా వేశాడు. సమన్లు అందిన ముప్ఫై రోజుల్లో ఇస్సాకు జవాబు దాఖలు చేసుకోవాలి. సరైన కారణం చెప్పుకుంటే జడ్జి గారు తొంభై రోజుల దాకా గడువిస్తారు. ఇస్సాకు జవాబు వేయలేదు సరికదా, వాయిదాకి మనిషే వెళ్లలేదు. దాంతో అతను లేకుండానే మత్తయికి డిక్రీ అయిపోయింది. ఆ డిక్రీ కొట్టేయమని అడగడానికి ఇంకో ముప్ఫై రోజులుంటాయి. వేసవి సెలవులయ్యాక కోర్టు తెరిచిన రోజున వేసినా చెల్లేది. అదీ దాటిపోయింది. నిన్న శుక్రవారం కోర్టు అమీనా వచ్చి చెరువు హద్దులు చూసుకుని, సోమవారం పోలీసులతో వచ్చి మత్తయికి అప్పగిస్తానని చెప్పి వెళ్లాడు.

"సమన్ల మీద సంతకం మీదేనండీ. చదువొచ్చినవారు. ఇన్నాళ్లూ ఏం చేశారండీ మరి?"

"శ్రమకాలమండీ" అన్నాడు ఇస్సాకు.

పురుషోత్తం గారికి ఆ మాట బోధపడలేదు. బోధపడాలంటే కొల్లేటి అంచున ఉన్న ఆ ఊరి చర్చిలో పుట్టి ఉండాలి. ఈస్టరుకి ముందు నలభై రోజులూ ఆ సంఘంలో ఎవరూ స్టేషను గుమ్మం తొక్కరు, కోర్టు మెట్టు ఎక్కరు. తగవున్న ఇద్దరూ తమ కాగితాలు తెచ్చి ప్రభు బల్ల కింద పెట్టి ప్రమాణం చేస్తారు. ఈస్టరు నాడు పాస్టరు గారు ఇద్దరినీ నిలబెట్టి చేతులు కలుపుతారు, అక్కడితో తగవు సరి. తెల్లదొరలు చర్చి కట్టిన నాటి నుంచీ ఇదే కట్టుబాటు.

ఇస్సాకుకి సమన్లు వచ్చింది సరిగ్గా శ్రమకాలం మొదలయ్యే భస్మ బుధవారం నాడు. ఆ సాయంత్రమే తీసుకెళ్లి బల్ల కింద పెట్టాడు. మత్తయి కూడా వచ్చి తన దావా నకలు పెట్టాడు. నలభై రోజులూ కోర్టు మెట్టెక్కనని పాస్టరు ఎడ్విన్ గారి ముందు ప్రమాణం చేశాడు.

ఎక్కలేదు కూడా. అతని ప్లీడరు ఎక్కాడు. సాక్ష్యం చెప్పడానికి పవరాఫ్ పట్టుకుని తాడేపల్లిగూడెం బావమరిది ఎక్కాడు. ఈస్టరుకి మూడు రోజుల ముందు, పరిశుద్ధ గురువారం ఉదయం డిక్రీ చేతికొచ్చింది. ఆ సాయంత్రం అన్నదమ్ములిద్దరూ పక్కపక్కన మోకరించి ఒకే గిన్నెలోంచి ద్రాక్షారసం పుచ్చుకున్నారు. ఈస్టరు నాడు మత్తయి అన్న చెయ్యి పట్టుకుని "అంతా మర్చిపోదామండీ అన్నయ్యా" అన్నాడు. ఇస్సాకు కళ్లు తుడుచుకుని, తగవు తీరిందనుకుని, ఇంటికెళ్లి చేపలకి మేత కలుపుకున్నాడు. ఇలాంటి మంచివాళ్లని చూస్తే జాలి కంటే ముందు ఒళ్లు మండుతుంది.

అంతా విని పురుషోత్తం గారు తల పట్టుకున్నారు. "కోర్టువారి లెక్కలో శ్రమకాలం లేదండీ ఇస్సాకు గారూ. అయినా ఉన్నదున్నట్టే రాద్దాం. పాస్టరు గారి చేత కూడా ఒక అఫిడవిట్ ఇప్పించండి. ఆలస్యం మన్నించమని, అందాకా అప్పగింత ఆపమని సోమవారం పొద్దున్నే జడ్జి గారిని అడుగుతాను. పన్నెండు లోపు ఫోను చేస్తాను. అప్పటిదాకా మీరు చెయ్యి చేసుకోకూడదు. మనిషి మీదా వద్దు, చెరువు మీదా వద్దు. మాటివ్వండి."

ఇస్సాకు మాటిచ్చాడు.

సోమవారం పది గంటలకి అమీనా జగ్గారావు ఇద్దరు కానిస్టేబుళ్లతో దిగాడు. వెనకే మత్తయి ఎనిమిది మంది తాడేపల్లిగూడెం మనుషుల్నీ, వలలనీ, ఐసు పెట్టెలతో లారీనీ వేసుకొచ్చాడు. చెరువు పట్టుబడికొచ్చి ఉంది. ఏడాదిన్నర మేపిన శీలావతి చేప ఒక్కోటి రెండు కేజీలు తూగుతుంది. అది చూసే వచ్చారని ఇస్సాకుకి లారీ కనపడగానే అర్థమైంది.

"చేప నేను మేపిందండీ" అన్నాడు అమీనాతో.

"చెరువు ఎవరిదైతే అందులో ఉన్నవన్నీ వాళ్లవేనండీ. నామీద కోపం పెట్టుకోకండి" అన్నాడు జగ్గారావు ఎంతో మర్యాదగా.

ఇస్సాకు తూము మీద కూర్చున్నాడు. పక్కన వరమ్మ సెల్‌ఫోను గుప్పిట్లో పట్టుకుని నిలబడింది. పదిన్నరయింది. మత్తయి మనుషులు కాపలా పాక కూలదోశారు. కర్రలు విరిగి తాటాకు కప్పు నేల మీద కుప్పయింది. ఇస్సాకు లేవబోతే వరమ్మ భుజం పట్టి కూర్చోబెట్టింది. పదకొండయింది. మేత బస్తాలు కోసి బురదలో తొక్కారు. ఫోను మోగలేదు. పావుగంట పోయాక వలవాళ్లు చెరువులో దిగారు. వరమ్మ ఫోను రవికలో దోపుకుని, అడ్డంపడి వల అంచు పట్టుకుంది. గట్టు మీదున్న ఒకడు ఆమెని జుట్టు పట్టి లాగాడు. ఆమె వాడి ముంజేతిని కండ ఊడేలా కొరికింది. వాడు బూటుకాలితో ఆమె పక్కటెముకల మీద తన్నాడు.

ఆ చప్పుడుకి ఇస్సాకులో ఏదో తెగింది. నలభై రోజులు మాట నిలబెట్టుకుని నిలువునా మునిగాడు. ఇంకో మాట నిలబెట్టుకునే ఓపిక ఇక లేదు. పార అందుకున్నాడు. ముందు మనిషిని కొట్టలేదు, తూముని కొట్టాడు. అడ్డు పలకలు పీకి విసిరేశాడు. వానలకి నానిపోయిన గట్టుని పక్కనే పొడిచాడు. నాలుగు పోట్లకి మట్టి జారింది, అయిదో పోటుకి నీళ్లు దారి చేసుకున్నాయి. ఆ నీళ్లతో పాటే శీలావతులూ బొచ్చెలూ ఎగిరెగిరి పక్కనున్న డ్రైనులోకి పడసాగాయి.

"నాకు దక్కనిది నీకూ దక్కదురా!" అని అరిచాడు.

మత్తయి పరుగెత్తుకొచ్చాడు. "అన్నయ్యా, ఆగండీ! మీకు దణ్ణం పెడతానండీ, ఆగండీ!" ఆ సీమలో తలలు పగలగొట్టుకునేటప్పుడు కూడా అండీ పోదు.

"ఆగానురా! నలభై రోజులు ఆగాను!"

పార వెనక్కి తిప్పి కొట్టాడు. మత్తయి చెయ్యి అడ్డం పెట్టాడు. మోచేతి కింద ఎముక పటుక్కుమంది, చెయ్యి ఉండకూడని చోట వంగింది. వెదురు గెడతో ఎవడో వెనకనుంచి ఇస్సాకు తల మీద బాదాడు. ఇంకొకడు మూతి మీద గుద్దితే రెండు పళ్లూడి నాలిక మీద పడ్డాయి. ఇస్సాకు వాటిని ఉమ్మేసి, మత్తయి చొక్కా వదలకుండా అతనితో సహా గండిలోకి దొర్లాడు. మోకాలు తమ్ముడి గొంతు మీద పెట్టి నీళ్లలోకి నొక్కాడు. వాళ్లిద్దరి మీదుగా నీళ్లు పోతున్నాయి, చేపలు పోతున్నాయి. మత్తయి కాళ్లు బురదలో టపటపా కొట్టుకున్నాయి. నెత్తురు కళ్లలోకి కారి ఇస్సాకుకి లోకమంతా ఎర్రగా ఉంది. అతనికి హాయిగా ఉంది. ఆ హాయి ఎంత భయంకరమైనదో అప్పుడతనికి తెలియలేదు.

కానిస్టేబుళ్లు గట్టు మీదే నిలబడి విజిల్ వేస్తున్నారు. అమీనా ఫైలు నెత్తిన పెట్టుకుని "ఏవండీ! ఏవండీ!" అని అరుస్తున్నాడు. చివరికి వరమ్మే పక్కటెముకలు పట్టుకుని బురదలోకి దిగి, మొగుణ్ని జుట్టు పట్టి వెనక్కి గుంజింది. మత్తయి నీళ్లు కక్కుకుంటూ పైకి తేలాడు.

అప్పుడు మోగింది ఫోను, ఆమె రవికలోంచి.

"అమ్మా, ఆగిపోయిందండీ!" పురుషోత్తం గారి గొంతులో సంతోషం అందరికీ వినపడుతోంది. "జడ్జి గారు పాస్టరు గారి కాగితం రెండుసార్లు చదివారండీ. నమ్మారు. మత్తయికి నోటీసు ఇమ్మన్నారు. విచారణ తేలేదాకా చెరువు మీ స్వాధీనంలోనే ఉండాలి, ఉన్నది ఉన్నట్టే ఉండాలన్నారు. అమీనా గారికివ్వండి ఫోను."

జగ్గారావు ఫోను చెవిన పెట్టుకుని "చిత్తమండీ, చిత్తమండీ" అని ఆరుసార్లు అన్నాడు. తర్వాత మత్తయి మనుషుల్ని గట్టు దిగి పొమ్మన్నాడు. ఫైలు తెరిచి, "చెరువు ప్రస్తుతానికి ఇస్సాకు గారిదేనండీ. ఉన్నది ఉన్నట్టు రాసుకోవాలి. నీళ్లెంత ఉన్నాయండీ?" అని అడిగాడు.

గండి వెడల్పయి, నీళ్లు ఇంకా పోతూనే ఉన్నాయి. గట్టు వారన చెరువు అడుగు నల్లగా బయటపడింది. బురదలో మిగిలిన చేపలు నోళ్లు తెరిచి కొట్టుకుంటున్నాయి. డ్రైను అవతలి నుంచి ఊరి జనం గంపలు పట్టుకుని పరుగెత్తుకొస్తున్నారు.

"టైమెంతండీ?" అన్నాడు ఇస్సాకు. ఊడిన పళ్ల సందుల్లోంచి మాట సరిగ్గా రాలేదు.

"పదకొండూ నలభై అండీ" అన్నాడు అమీనా.

వరమ్మ ఫోను తీసుకుని రవికలో పెట్టుకుంది. మొగుడి ముందుకొచ్చి నిలబడింది. ముప్ఫై ఏళ్ల కాపురంలో మొదటిసారి చెయ్యెత్తి, పగిలిన ఆ మూతి పక్కనే చెంప ఛెళ్లుమనిపించింది. ఇంకోటి కొట్టింది. ఇస్సాకు చెయ్యి అడ్డం పెట్టుకోలేదు. గెడతో తల మీద బాదినా పడనివాడు ఆ రెండో దెబ్బకి మోకాళ్ల మీద కూలిపోయాడు.

"కోర్టువారు చెరువు మీకే ఇచ్చారంటండీ" అంది వరమ్మ. "దిగి చూసుకోండి."